పెంపక కుటుంబములకు ఉచిత ప్రవేశము కావలెను

(జంషెడ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మేము మాట్లాడదలచిన విషయము వేతన సవరణకు గాని, కరువు భత్యమునకు గాని, పెన్షనుకు గాని సంబంధించినది కాదు. వానిని గురించి కార్యదర్శి నివేదికలో మీరు విన్నారు. మా విషయము ఒక టికెట్ కిటికీ. ఉద్యానవనముల ద్వారముల వద్దను, మ్యూజియముల మెట్ల వద్దను ఉండు చిన్న కిటికీ. పరాయి బిడ్డను ఇంట పెట్టుకొని పెంచుచున్న కుటుంబమును ఆ కిటికీ వద్ద డబ్బు అడుగరాదనియు, ఆ కుటుంబము మొత్తము ఉచితముగా లోనికి పోవలెననియు మన ఫెడరేషను కోరవలెనని మా ప్రతిపాదన.

ఇంత చిన్న సంగతికి ప్రసంగమా అని వెనుక వరుసలో ఎవరో నవ్వుచున్నారు. నవ్వనిండు. కొన్నేండ్ల క్రిందట ఎవరైనా ఈ మాట ఎత్తినచో మేమును నవ్వియుందుము. మా నవ్వు ఎట్లు ఆగిపోయినదో ముందు చెప్పెదము. అందులో తప్పు మాదే గనుక దాచవలసిన పని లేదు.

ఒక సంవత్సరము మా శాఖ శీతకాలమున విహారయాత్ర ఏర్పాటు చేసినది. ఉదయము డిమ్నా సరస్సు, మధ్యాహ్నము జూబిలీ పార్కు, దాని ప్రక్కనే గల జంతు ప్రదర్శనశాల. బస్సు అద్దె, భోజనములు, టికెట్లు అన్నియు శాఖ నిధి నుండియే. సభ్యుని భార్యకు, పిల్లలకు ఖర్చు లేదు. వెంట వచ్చు చుట్టములు మాత్రము తమ ఖర్చు తాము పెట్టుకొనవలెను. పట్టిక మేమే స్వయముగా గీసితిమి. పేరు, హోదా, భార్య, పిల్లలు, చిట్టచివర 'అతిథులు'. బాగ్‌బేడా వైపు కాపురముండు పాయింట్స్‌మన్ ఒకరు వచ్చి మూడు పేర్లు చెప్పినారు. ఇద్దరు ఆయన పిల్లలు. మూడవవాడు తొమ్మిదేండ్ల బాలుడు. మన భాషవాడే. తల్లిదండ్రులు లేరు. బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద ఆ ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కావచ్చినది. మేము కలము ఆపి, "ఇతడు నీ కొడుకు కాడు గదా?" అని అడిగితిమి. ఆ పేరును అతిథుల గడిలో వ్రాసి, డబ్బు వసూలు చేసి, రసీదు ఇచ్చితిమి. ఆయన ఏమియు అనలేదు. రసీదు మడిచి జేబులో పెట్టుకొన్నారు. నిధికి మేము జవాబుదారులము గదా, లెక్క లెక్కయే అని ఆ రోజు మాకు కొంత గర్వము కూడ కలిగినది.

జంతు ప్రదర్శనశాల ద్వారము వద్ద పట్టిక చూచి పేర్లు పిలిచితిమి. శాఖ టికెట్లు గలవారు ఒక వరుస, అతిథులు మరియొక వరుస. ఆ పిల్లవాడు ఎవరివో అత్తగార్లు, ఎవరివో బావమరదులు నిలిచిన వరుసలో నిలబడినాడు. తనతో ఒకే కంచమున తినుచున్న ఇద్దరు పిల్లలు ఇవతలి వరుసలో ఉన్నారు. లోనికి పోయిన పిమ్మట పులి కంచె వద్ద వాడు ఆ ఇల్లాలిని అడిగిన ప్రశ్న మా చెవిని పడినది. "నన్ను చుట్టాల లైన్లో పెట్టారు. నేనెప్పుడు వెళ్ళిపోవాలత్తా?" ఆమె బదులు చెప్పక వాని చేయి పట్టుకొని ముందుకు నడిచినది. మేము వెనుకనే ఉన్నామని ఆమెకు తెలియును.

ఆ బాలుని పేరు చెప్పము. చెప్పరాదు కూడ. ఎందుచేత చెప్పరాదో తరువాత మనవి చేసెదము.

ఇచట కొంత వివరణ అవసరము. దత్తత వేరు, మేము చెప్పుచున్న పెంపకము వేరు. మన ఇండ్లలో సాకుట, పెంచుకొనుట అను మాటలను రెంటికిని కలిపి వాడుదుము గాని చట్టము వానిని విడదీయుచున్నది. దత్తతతో బిడ్డ ఆ కుటుంబపు బిడ్డ యగును; ఇంటిపేరు, ఆస్తి, హక్కు అన్నియు వచ్చును. ఫాస్టర్ కేర్ అని పిలువబడు పెంపకము అట్టిది కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 44వ సెక్షను క్రింద బాలల సంక్షేమ కమిటీ ఒక బిడ్డను తన కుటుంబము కాని మరియొక కుటుంబమున కొంత కాలమునకు ఉంచును. అనాథాశ్రమపు గోడల నడుమ కంటె ఒక ఇంటిలో, ఒక వంటింటి వాసనలో బిడ్డ పెరుగుట మేలను తలంపు దీనికి ఆధారము. బిడ్డ కన్నవారి యొద్దకు తిరిగి పోవచ్చును, దత్తతకు పోవచ్చును, లేక పదునెనిమిదేండ్లు నిండువరకు అచటనే ఉండవచ్చును. 2024లో కేంద్ర ప్రభుత్వము సవరించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము వివాహము కానివారు, భర్తను కోల్పోయినవారు, ఒంటరిగా ఉన్నవారు కూడ పెంపకమునకు అర్హులు. రెండేండ్లు పెంచిన పిమ్మట, నిబంధనలకు లోబడి, అదే బిడ్డను దత్తత కోరవచ్చును. పూర్వము ఈ గడువు అయిదేండ్లు. మిషన్ వాత్సల్య పథకము క్రింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయింపబడినవి. ఆ మొత్తముతో బడి, బట్ట, పాలు గడుచునా లేదా అనునది ఈ సభలోని ఇల్లాండ్రకే బాగుగా తెలియును.

తాత్కాలికమను మాటయే ఈ ఏర్పాటునకు మూలము. కనుకనే ఆ బిడ్డ మనస్సులో ఒకే ప్రశ్న తిరుగుచుండును: నేను ఇచట ఉందునా, పోవుదునా? అట్టి బిడ్డను మేము అతిథి అని వ్రాసితిమి.

రైలువారికి ఈ బిడ్డలు క్రొత్త కాదు. టాటానగర్ వంటి జంక్షనులో రాత్రి డ్యూటీ చేసినవారిని అడుగుడు. ప్లాట్‌ఫారము చివర, నీళ్ళ కుళాయి ప్రక్కన, ఆగియున్న ఖాళీ రేకులలో ఒంటరిగా కనిపించు పిల్లలను వారెందరినో చూచియుందురు. 1098కి ఫోను చేసినవారు, రైల్వే రక్షణ దళమునకు అప్పగించినవారు, కమిటీ ఎదుటికి పోవునంతవరకు తమ డబ్బాలోని అన్నము పెట్టినవారు ఈ సభలోనే ఉన్నారు. ఇక తపాలావారి సంగతి. వీధిలో ఏ ఇంటికి క్రొత్త బిడ్డ వచ్చినదో పోస్టుమన్‌కంటె ముందు తెలియువాడు లేడు. బిడ్డను గుర్తించునప్పుడు మనము ముందుందుము. ఆ బిడ్డ ఒక ఇంటికి చేరిన పిమ్మట ఆ ఇంటిని మరచెదము.

ఈ మాటను ఈ ఊరిలోనే ఎందులకు ఎత్తుచున్నామనగా, ఉద్యానవనము కార్మికునికి అలంకారము కాదు, అవసరము అను భావము ఈ ఊరి పుట్టుకలోనే కలదు. ఉక్కు కర్మాగారము రూపు దాల్చుటకు మునుపే, 1902లో, జంషెడ్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన జాబులో, కట్టబోవు కార్మిక నగరమున వెడల్పైన వీధులు, నీడనిచ్చు చెట్లు, పచ్చిక బయళ్ళు, తోటలు, ఆట స్థలములు, సర్వమతముల ప్రార్థనాలయములు ఉండవలెనని చెప్పినాడు. ఆయన 1904లో మరణించినాడు, ఊరును చూడలేదు. సాక్చి అను గ్రామము 1919లో ఆయన పేర జంషెడ్‌పూర్ అయినది. కాలీమాటి స్టేషను టాటానగర్ అయినది. కంపెనీ ఏబదేండ్ల పండుగ జ్ఞాపకముగా నిర్మించిన జూబిలీ పార్కును 1958 మార్చి 1వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించినారు. (1951లో హైదరాబాదున సాలార్ జంగ్ మ్యూజియమును తెరచినదియు ఆయనయే.) ఏటేట మార్చి 3న, వ్యవస్థాపకుని జన్మదినమున, ఆ తోట దీపములతో వెలుగునప్పుడు కదమా, సోనారీ, జుగ్సలాయి, పర్సుడీహ్‌ల నుండి జనము ఎట్లు వచ్చి పడుదురో మీకు తెలియును. ఆ తోటలో నడచుటకు టికెట్ లేదు. ప్రక్కనే 1994లో వెలసిన జంతు ప్రదర్శనశాలకు టికెట్ కలదు. జంతువులను మేపవలెను, పనివారికి జీతములీయవలెను. టికెట్ పెట్టుట తప్పని మేమనము.

అయితే ఈ ఊరి కార్మికుడు పొందిన మంచి యంతయు యజమాని జాబులో నుండియే రాలేదు. 1912లో ఎనిమిది గంటల పనిదినము ఇచట వచ్చినదని గొప్పగా చెప్పుదురు, నిజమే. కాని 1920లోను, 1928లోను ఇచటి కార్మికులు సమ్మె చేసిరని కూడ చెప్పవలెను. అదే కాలమున ఈ మార్గపు బెంగాల్ నాగపూర్ రైల్వేలో మన వి.వి. గిరి గారు కార్మికులను సంఘటితపరచినారు. ఒకరు తలచుట, పలువురు అడుగుట, రెండును కలసినప్పుడే కార్మికునికి ఏదైనను దక్కినది. మా ప్రతిపాదనకును ఆ రెండును కావలెను.

ఇప్పుడు కిటికీ వద్దకు వత్తము. పిల్లలకు అనేక చోట్ల టికెట్ లేదే, మీరు క్రొత్తగా కోరునదేమి అని ఒక మిత్రుడు అడిగినాడు. మంచి ప్రశ్న. కోణార్కకు పోయినను, గోల్కొండకు పోయినను, పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడములకు పదునైదేండ్లలోపు పిల్లలకు రుసుము లేదు. సంతోషము. కాని చట్టము పెంపకపు బిడ్డను పదునెనిమిదేండ్లవరకు బిడ్డయే యనుచున్నది. కిటికీ పదునైదేండ్లకే పెద్దవానిని చేయుచున్నది. పదవ తరగతి ముగించి, చరిత్ర పుస్తకములో చదివిన రథచక్రమును కంటితో చూడవలెనను కోరిక పుట్టు వయస్సులో రుసుము మొదలగుచున్నది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. పదేండ్ల బిడ్డ ఒంటరిగా మ్యూజియమునకు పోడు. తీసికొనిపోవువారికి టికెట్ కలదు. భార్యాభర్తలు, స్వంత పిల్లలు, పెంపకపు బిడ్డ, ఇంటనున్న ముసలి తల్లి. రెండు ఆటోలు, టికెట్లు, తిండి. ఒక ఆదివారమునకు అయ్యెడు ఖర్చు చూచి ఆ ఇల్లాలు "వచ్చే నెల పోదాంలే" అనును. ఆ వచ్చే నెల ఎన్నటికిని రాదు. అందుచేత బిడ్డకు మాత్రమే ఉచితమన్నచో చాలదు, కుటుంబము మొత్తమునకు ఉచితము కావలెనని మేము పట్టుబట్టుచున్నాము. ఇంకొక కారణము కూడ కలదు. ఇంటిలో అందరికి టికెట్ కొని ఒక బిడ్డను మాత్రము ఉచితమని వేరుగా నిలబెట్టినచో, అది మా పట్టికలోని అతిథుల గడియే యగును.

విదేశములలో ఏమి జరుగుచున్నదని చూచితిమి. బ్రిటనులో జాతీయ మ్యూజియములు 2001 డిసెంబరు నుండి అందరికిని ఉచితమైనవి. టికెట్ గల ఇతర మ్యూజియములు, జంతు ప్రదర్శనశాలలు, కోటలు మొదలైన చోట్ల పెంపక కుటుంబములకును, ప్రత్యేక అవసరములు గల పిల్లల కుటుంబములకును మ్యాక్స్ కార్డు అను ఒకే కార్డు కలదు. దానిని చూపినచో కొన్ని చోట్ల తగ్గింపు, కొన్ని చోట్ల ఉచితము. అమెరికాలో 2014 నుండి, ప్రభుత్వ ఆహార సహాయపు కార్డు గల కుటుంబములకు పేరు పేరున విచారణ లేకుండ స్వల్ప రుసుముతో లేక ఉచితముగా ప్రవేశమిచ్చు ఏర్పాటు ఒకటి పెక్కు మ్యూజియములలో నడుచుచున్నది. అచటివారు మనకంటె దయగలవారని మేము చెప్పుట లేదు. ఒక కార్డుతో పని జరుగునని మాత్రము చెప్పుచున్నాము.

కార్డు ఎట్లుండవలెను? దీనిపై మా కార్యవర్గమున ఒక సాయంకాలమంతయు తగవు నడచినది. కమిటీ ఉత్తర్వు నకలు చూపినచో చాలును గదా అని కొందరు. ఆ ఉత్తర్వులో ఏముండునో వారు చూడలేదు. బిడ్డ ఎచట దొరకినాడు, తల్లి ఏమైనది, తండ్రి ఏమైనాడు అను వివరములు అట్టి కాగితములలో ఉండవచ్చును. దానిని టికెట్ గుమాస్తా చదువుచుండగా వెనుకనున్న వరుస తొంగి చూచును. అదే చట్టము 74వ సెక్షను ఇట్టి పిల్లల పేరు, చిరునామా, బడి మొదలగు గుర్తులను పత్రికలలో ప్రకటింపరాదని నిషేధించుచున్నది. అది పత్రికలకు చెప్పినది, టికెట్ కిటికీకి కాదని వకీలు వాదించవచ్చును. ఉద్దేశ్యము మాత్రము ఒక్కటే గదా. అందుచేత జిల్లా బాలల సంరక్షణ విభాగము ఒక కుటుంబ కార్డు ఈయవలెను. దానిపై అనాథ అనిగాని, పెంపకము అనిగాని, ఫాస్టర్ అనిగాని అక్షరము ఉండరాదు. పెద్దల పేరు, ఎందరు సభ్యులు, ఏ తేదీవరకు చెల్లును, అంతే. చూపినవారిని మరి ప్రశ్నించరాదు. పిల్లవానిని అసలే ప్రశ్నించరాదు.

ఇట్లు చేసినచో ఎవరి పిల్లలనో తెచ్చి మోసము చేయుదురని ఆక్షేపణ. ఉత్తర్వు లేక కార్డు రాదు. ఉత్తర్వు ఇంటి విచారణ లేక రాదు. జంతు ప్రదర్శనశాలకు ఉచితముగా పోవుటకై ఒక బిడ్డను ఏండ్ల తరబడి పెంచు మోసగాడు ఎవడైన ఉన్నచో వానికి మేమే సన్మానము చేసెదము.

ఒక చిక్కు మాత్రము మిగిలినది. చచ్చిన చెల్లెలి బిడ్డను, అన్న కొడుకును ఏ ఉత్తర్వు లేకుండ పెంచుచున్నవారు పెక్కుమంది కలరు. ఈ సభలోని చేతులెత్తుమన్నచో కమిటీ ఉత్తర్వు గలవారికంటె వారే ఎక్కువ యగుదురు. వారికి కార్డు ఎట్లు? విభాగము వారు విచారించి వారికిని ఈయవలెనని మా అభిప్రాయము. మా కార్యవర్గములో ఇద్దరు దీనికి ఒప్పుకొనలేదు. జాబితా అదుపు తప్పునని వారి భయము. ఆ భయము పూర్తిగా అర్థము లేనిది కాదు. తుది తీర్మానము మీ చర్చకు వదలుచున్నాము.

ఇతరులను అడుగుటకు మునుపు మన నిబంధనలు ఏమనుచున్నవో చూడవలెను. 1986 నాటి రైల్వే పాసు నియమములలో, తండ్రి లేని, ఉద్యోగిపై పూర్తిగా ఆధారపడిన తమ్మునికి, పెండ్లికాని చెల్లెలికి ఆధారిత బంధువులుగా స్థానము కలదు. తపాలావారికి వర్తించు 1988 నాటి ఎల్.టి.సి. నియమములలో కూడ, ఉద్యోగి యొద్దనే ఉండి అతనిపై ఆధారపడిన మైనరు తమ్మునికి, చెల్లెలికి చోటు కలదు. అనగా కన్నబిడ్డయే కుటుంబమని మన నియమములు ఏనాడును అనలేదు. నీవు పోషించువాడు నీ కుటుంబమే యను సూత్రమును అవి ఒప్పుకొన్నవి. తమ్ముని వరకు వచ్చిన ఆ సూత్రము, ప్రభుత్వపు కమిటీయే ముద్రవేసి ఇంటికి పంపిన బిడ్డ వద్ద ఏల ఆగవలెను? పూరీకి కుటుంబమంతయు పాసు మీద పోవుచు ఒక్క బిడ్డకు మాత్రము వేరుగా టికెట్ కొనవలసివచ్చినచో, జంతు ప్రదర్శనశాల వరుస మరల మొదలైనట్లే. కావున పాసులోను, ఎల్.టి.సి.లోను పెంపకపు బిడ్డను చేర్చవలెనని కోరు తీర్మానమును, ఉచిత ప్రవేశపు తీర్మానముతో జత చేసి ఫెడరేషనుకు పంపుచున్నాము. పెద్ద సమస్యలుండగా ఇదేమిటని అచట కొందరు అనగలరు. అన్నప్పుడు ఈ క్రింది సంగతి చెప్పుడు.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలై ఇరువది దినములు నడచినది. వేలాది కార్మికులు జైళ్ళకు పోయినారు. క్వార్టర్ల నుండి కుటుంబములను వెళ్ళగొట్టినారు. మేమప్పటికి పలక పట్టని పసివారము. పెద్దలు చెప్పగా విన్నదే. జైలుకు పోయినవాని పిల్లలు ప్రక్క ఇంటివాని పిల్లలతో కలసి తినినారు, పడుకొన్నారు. సమ్మెలో లేనివారి ఇండ్లలో కూడ తలదాచుకొన్నారు. ఎవరు ఎవరి బిడ్డయని ఏ పట్టికయు గీయలేదు. 1968 సెప్టెంబరు 19 నాటి సమ్మెలో ఉద్యోగములు పోయిన తపాలా సోదరుల ఇండ్లకును ఇరుగుపొరుగే బియ్యము పంపినారని చెప్పుదురు. అట్టి సంఘమునకు వారసులమైన మేము, నిధి లెక్క సరిపోవలెనని, తొమ్మిదేండ్ల బిడ్డ పేరును చివరి గడిలో వ్రాసితిమి.

ఆ మరుసటి సంవత్సరము పట్టికను మార్చితిమి. 'పిల్లలు' అను శీర్షిక కొట్టివేసి 'ఇంటనున్న పిల్లలు' అని వ్రాసితిమి. ఖర్చు కొంచెము పెరిగినది, నిధి మునుగలేదు. పాయింట్స్‌మన్ గారికి పాత రసీదు మీది డబ్బు తిరిగి ఈయబోతిమి. ఆయన పుచ్చుకొనలేదు. "వాడికి టికెట్ నేను కొన్నాను, ఆ రసీదు నా దగ్గరే ఉండనీయండి" అన్నారు.

ఈ సంవత్సరపు విహారయాత్ర పట్టిక ఈ హాలు ద్వారము వద్ద బల్లపై ఉన్నది. ఇంటనున్న పిల్లలందరి పేర్లును వ్రాయించి వెళ్ళవలెను. వయస్సు చెప్పిన చాలును, ఇంకేమియు అడుగము. పెంపకమునకు దరఖాస్తు చేయదలచినవారు జిల్లా బాలల సంరక్షణ విభాగమున ఏమేమి కాగితములు ఈయవలెనో మా సహాయ కార్యదర్శి వద్ద తెలిసికొనవచ్చును. తీర్మానములపై సంతకములు కూడ అదే బల్లపై తీసికొనుచున్నారు. బస్సు స్టేషను ఎదుట నుండి ఉదయము 7 గంటలకు బయలుదేరును; నైట్ డ్యూటీ దిగి వచ్చువారికై పావుగంట ఆగును.